నలభైలో కనబడని ఇరవై

“అల్లం జెర ఎక్కువ వెయ్యమంటావా బిడ్డా?”

“అల్లం వద్దు. నిమ్మకాయ రెండు సుక్కలు సాలు.”

“మరి ఐసు?”

“మా ఊర్లె ఐసు దొరకది.”

కోడ్ సరిపోయింది. పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా చెరుకు రసం బండి చక్రం తిప్పుతున్న ముసలాయన తల ఎత్తలేదు. మాసిన బనియను, మెడలో ఎర్ర తువ్వాల, చెవిలో సగం కాల్చిన బీడీ. ఆ వేషం వెనక ఉన్న మనిషి పేరు పెంటయ్య. గూఢచారి శాఖలో ఆయన్ని అందరూ చీఫ్ అంటారు. గ్లాసు అందుకున్న ఆడమనిషి కౌసల్య. ఏజెంట్ పదిహేడు.

2001 అక్టోబరు. దసరాకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

“నాగయ్య పోయిండు,” అన్నాడు చీఫ్, చెరుకు గడను రెండుగా మడిచి మిషన్లోకి తోస్తూ. “నిన్న పొద్దుగాల. హైవే మీద ట్యాంకర్ గుద్దింది. ట్యాంకర్‌కు నంబర్ ప్లేటు లేదు.”

గ్లాసు కౌసల్య పెదవి దగ్గరే ఆగిపోయింది. నాగయ్య కాజీపల్లిలోని కృత్తిక డ్రగ్స్ ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్ వేషంలో ఉన్న ఏజెంటు. పండుగకు బిడ్డకు పట్టీలు కొనాలని మొన్ననే కాంటీన్‌లో ఆమెతో చెప్పాడు.

“ఆఖరి మెసేజ్ ఒకటే ముక్క పంపిండు. ‘నలభైలో ఇరవై కనబడుత లేదు.’ గంతే.”

“అంటే ఏంది సార్?”

“తెలిస్తే నీకెందుకు చెప్త? ఇను. ఆ ఫ్యాక్టరీలో డాక్టర్ మొగులయ్య మలేరియా మందు కనిపెట్టిండు. గోలీ రూపాయికి వస్తది. ‘ఆర్కిడ్’ అనే విదేశీ ముఠాకు ఆ ఫార్ములా కావాలె. వాళ్ల పేరు మీద రిజిస్టర్ చేసుకొని గోలీ నూరు రూపాయలకు అమ్ముకుంటరు. దసరా నాటికి ఆఖరి స్టేజ్ అయిపోతది. గేటు కాడ ఫ్లాపీ, సీడీ, కాయితం ఏదీ బయటికి పోనిస్తలేరు. అయినా దొంగ లోపలనే ఉన్నడు, పని చేస్తనే ఉన్నడు. ఎట్లనో నాకు కావాలె.”

“కంప్యూటర్ సెక్షన్ల కొత్తగ వచ్చిన ఆ నాగరత్నం మనదేనా సార్?”

“డబల్ ఏజెంట్. మనదని మనం అనుకుంటున్నం. తనదని ఆర్కిడ్ అనుకుంటున్నది. ఏ దిక్కు అసలో ఏ దిక్కు నకిలో నాకు గూడ తెల్వది. కన్నేసి ఉంచు.”

చీఫ్ ఆ మాట ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు. కౌసల్య రెండు వారాలుగా వేరే పని ఏదీ చేయడం లేదు.

*

కౌసల్యకు మెడలో పుస్తెలున్నాయి. అవి డిపార్ట్‌మెంట్ ఇచ్చినవి, రోల్డ్ గోల్డ్. మొగుడు కూడా డిపార్ట్‌మెంట్ ఇచ్చినవాడే. వీర్రాజు, ఏజెంట్ ఇరవై రెండు. ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్. ఆమె అదే ఫ్యాక్టరీ కాంటీన్‌లో వంట మనిషి. ఎనిమిది నెలల నుంచి కాజీపల్లిలో రాజవ్వ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకొని మొగుడూ పెళ్లాల్లాగా ఉంటున్నారు. మధ్యలో కట్టిన తాడు మీద చీర ఆరేసి, అటు ఒకరు ఇటు ఒకరు పడుకుంటారు.

మొదటి నెల అది డ్యూటీ. మూడో నెలలో అతనికి వంకాయ పడదని తెలిసి ఆమె వంకాయ కొనడం మానేసింది. ఆరో నెలలో అతను జ్వరంతో పడుకుంటే ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని అమ్మవారికి ముడుపు కట్టింది. ఆ సంగతి రిపోర్టులో రాయలేదు. అతనికీ చెప్పలేదు. గుండెలో పడిన విత్తనం మొలకెత్తే ముందు ఎవరికీ చెప్పదు కదా.

ఇంతలో నాగరత్నం వచ్చింది. మెడ దాకా కత్తిరించిన జుట్టు, రోజుకో షిఫాన్ చీర, నడిచి వెళ్లిన చోట పావుగంట నిలిచే సెంటు. సిస్టమ్స్ కన్సల్టెంట్ అని బోర్డు. ఆమె వీర్రాజు పక్క కుర్చీలో కూర్చున్న నాటి నుంచి కౌసల్య వండే పప్పులో ఉప్పు తప్పుతూనే ఉంది.

“పిల్లా,” అని రాజవ్వ ఒకనాడు వాకిట్లోనే నిలేసింది. “నీ పెనిమిటి అంగీ ఆరేస్తుంటె నా ముక్కు పగిలింది. ఏందే ఆ వాసన?”

“కొత్త సబ్బు అవ్వా.”

“మొగోడు కొత్త సబ్బు కొన్నడంటే నమ్ముత. సెంటు పూసుకొని పనికి పోతుండంటే గూడ నమ్ముత. ఆ సెంటు వీపు మీదికి ఎట్ల వచ్చిందో చెప్పు, అప్పుడు నమ్ముత.”

కౌసల్య అంగీ తీసుకొని లోపలికి పోయింది. తలుపు వేసుకొని వాసన చూసింది. వీపు మీదే. నకిలీ మొగుడు, నకిలీ పుస్తెలు, నకిలీ కాపురం. కడుపులో మంట ఒక్కటే అసలైనది. దానికి ఏ వేషమూ వేయడం ఆమెకు చేతకాలేదు.

*

డిపార్ట్‌మెంట్ ఆమెకు రెండు పరికరాలు ఇచ్చింది. ఒకటి గరిటె. దాని పిడిలో మైకు ఉంది. టేబుల్ మీద మరచిపోయినట్టు వదిలేస్తే చాలు, అక్కడి మాటలు వంటగదిలో ఆమె చెవికి వినబడతాయి. రెండోది టిఫిన్ డబ్బా. మూతలో కెమెరా, ముప్పై ఆరు ఫోటోల రీలు.

మరునాడు మధ్యాహ్నం ఆమె గరిటె వీర్రాజు టేబుల్ మీద మరచిపోయింది.

“ఒకే హార్డ్ డిస్క్ మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎప్పుడైనా పెట్టారా వీర్రాజు గారూ?” నాగరత్నం గొంతు తేనె పూసినట్టుంది.

“ఒక్క విండోస్‌తోనే సస్తున్న మేడం. రెండెట్ల పెడ్తరు?”

“డిస్క్‌ని పార్టిషన్ చేస్తారు. ముందు సగం విండోస్‌కి. వెనక సగం లినక్స్‌కి. మిషన్ ఆన్ చేసినప్పుడు ఏది కావాలో చెబితే అది లేస్తుంది. ఒకటి మేలుకుంటే ఇంకోటి పడుకుంటుంది. విండోస్‌కి తన వెనక లినక్స్ కాపురం ఉందన్న సంగతే కనిపించదు.”

“భలే ఉంది మేడం. నాకు గియ్యన్ని తెల్వవు.”

“తెలుసుకుంటే తప్పేముంది?” అని ఆమె నవ్వింది.

వంటగదిలో కౌసల్య చేతిలోని పచ్చిమిరపకాయ నలిగిపోయింది. ఒక ఇంట్లో ఇద్దరు. ముందు గదిలో ఉన్నదానికి వెనక గదిలో ఎవరున్నారో తెలియదు. ఎంత బాగా చెప్పింది!

అన్నదమ్ముల వాటాలు ఆమెకు కొత్త కాదు. కంది ఊళ్లో తాత పొలాన్ని తండ్రికీ చిన్నాయనకూ పంచిన నాడు మధ్యలో హద్దు రాళ్లు పాతారు. ఆరు నెలలు తిరగకుండానే చిన్నాయన కోపంతో ఆ రాళ్లన్నీ పీకి బావిలో పడేశాడు. తండ్రి నెత్తి కొట్టుకున్నాడు. నాయనమ్మ నర్సింహమ్మ మాత్రం నవ్వింది. రాళ్లు పాతిన నాడే ఆమె బావి గట్టు నుంచి ప్రతి రాయి దాకా అడుగులు లెక్కపెట్టి మనసులో పెట్టుకుంది. “రాయి పోతే పొలం పోతదార?” అని మళ్లీ అడుగులేసి, అదే చోట కొత్త రాళ్లు పాతించింది. తోడికోడళ్ల మీద నమ్మకం లేని మనిషి. అందుకే అన్నీ లెక్కపెట్టి ఉంచుకునేది.

ఆ బుద్ధి మనవరాలికీ వచ్చింది.

సాయంత్రం నాలుగింటికి ఆమె చాయ్ గ్లాసులు పట్టుకొని కంప్యూటర్ గదికి వెళ్లింది. అద్దాల తలుపు బయట ఆగి ముందు నాగరత్నం ఉందా అని చూసింది. లేదు, కానీ కుర్చీ మీద ఆమె శాలువా ఉంది. వీర్రాజు ఒక్కడే కూర్చున్నాడు. రోజూ కనబడే రంగుల తెర కాదు. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు మూడు వరుసలు. అతను వాటిని వేలితో చూపిస్తూ పెదవులు కదిపి చదువుకుంటున్నాడు.

ఆమెకు ఒకటే తోచింది. ఇద్దరూ కలుసుకునే చోటు కోడ్‌లో రాసుకున్నారు!

ఫోటో తీద్దామంటే రీలు అయిపోయింది. కొంగు చాటున వంటగది డైరీ తీసి, పెన్సిలుతో చూసింది చూసినట్టు ఎక్కించింది. చింతపండు, ఎండుమిర్చి, కొబ్బరికాయలు అన్న జాబితా కింద మూడు వరుసలు.

1 – 2432
2433 – 4802
4803 – 4865

ఆమె తలుపు తోసేసరికి తెర మీద మళ్లీ రంగుల బొమ్మ వచ్చింది. “ఏంది కౌసల్యా, ఇయ్యాల చాయ్ జల్దీ తెచ్చినవ్?” అని వీర్రాజు చల్లగా నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె ఎప్పటిలాగే కరిగిపోయింది. కరిగిపోయినందుకు తనను తానే తిట్టుకుంది.

*

చీఫ్ ఫోటోలు ఒక్కొక్కటే తిప్పాడు. చెరుకు రసం బండి మీద ఈగలు ముసురుతున్నాయి.

“నీలం చీర. పసుపు చీర. మళ్ల నీలం చీర, ఎన్క నుంచి. ఏంది బిడ్డా ఇది? ముప్పై ఆరు ఫోటోలు తీస్తే ముప్పై ఆరు గూడ నాగరత్నం చీరలేనా? నేనేమన్న బట్టల దుకాణం పెడ్తున్ననా?”

“ఆమె దొంగ సార్. నాకు అనుమానం లేదు.”

“సాక్ష్యం?”

“వీర్రాజు అంగీకి సెంటు వాసన.”

చీఫ్ చక్రం తిప్పడం ఆపాడు. “మొగుడు నకిలీ అని నీకు యాదికుందా?”

కౌసల్య మొఖం ఎర్రబడింది. డైరీలోని అంకెలు చూపించాలని తెచ్చింది గానీ, ఇప్పుడు చూపిస్తే ఇంకా నవ్వుతాడని కొంగులోనే దాచుకుంది.

“ఇను. పండుగ నాడు సాయంత్రం నాలుగింటికి ఒక వ్యాను వస్తది. కంప్యూటర్ సెక్షన్ల హార్డ్ డిస్క్ ఒకటి ఖరాబయిందట, వారంటీ కింద మార్చనీకి తీస్కపోతరట. పాస్ రెడీగ ఉన్నది. సెక్యూరిటోళ్లు ఆ డిస్క్ తెరిచి సూసిండ్రు. లోపల జీతాల లిస్టులే ఉన్నయి. అయినా నా కన్ను అదురుతుంది. నువ్వు ఫార్ములాను కాపాడాలె. చీరలను కాదు. ఇంకొక్క తప్పు చేసినవంటే ఆఫీసుల ఫైళ్లు తుడిచే పనికి పంపుత.”

*

దసరా వచ్చింది. ఫ్యాక్టరీలో ఆయుధ పూజ. బాయిలర్లు, పంపులు, లారీలు అన్నీ కడిగి బంతిపూలు చుట్టారు. ఒకసారి పూజ అయిన మిషన్‌ను మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోరు. అది అక్కడి కట్టుబాటు. కొత్త ఆఫీసర్లు కూడా దాన్ని తప్పరు.

“అమ్మా, మా కంప్యూటర్లకు గూడ బొట్లు పెట్టు. ముత్తైదువ చెయ్యి మంచిది,” అని కంప్యూటర్ సెక్షన్ వాళ్లు కౌసల్యను పిలిచారు. ముత్తైదువ అన్న మాటకు లోపల్లోపల నవ్వుకుంటూ ఆమె కుంకుమ తడిపి తీసుకుపోయింది. కంప్యూటర్‌కు బొట్టు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. తెర నుదుట ఒకటి పెట్టింది. కీబోర్డు చూస్తే గడపలాగా కనిపించింది. గడపకు పెట్టినట్టే రెండు చివరలా వెడల్పుగా ఉన్న మీటల మీద చెరొక బొట్టు పెట్టింది. గది గడప దగ్గర కొబ్బరికాయ పెట్టి, హారతి ఇచ్చి, అందరితో పాటు బయటికి వచ్చింది. గది మూసేశారు.

పన్నెండింటికి కాంటీన్‌లో భోజనాలు మొదలయ్యాయి. రెండు కావస్తుంటే హారతి పళ్లెం మరచిపోయానని గుర్తొచ్చి ఆమె కంప్యూటర్ గదికి వెళ్లింది. పళ్లెం తీసుకోబోతూ ఆగిపోయింది.

వారంటీకి పోవాల్సిన కంప్యూటర్. తెర మీద బొట్టు అట్లాగే ఉంది. కుడి పక్క మీట మీద బొట్టు అట్లాగే ఉంది. ఎడమ పక్క మీట మీదది మాత్రం ఒత్తుకొని పక్కకు జారింది.

పూజ అయ్యాక ఎవరో దీన్ని ముట్టుకున్నారు.

ఇంకెవరు! ఆమె పరుగులాంటి నడకతో కాంటీన్‌కు వచ్చి పులిహోర గంగాళం ముందు నిలబడింది. వరుసలో నాగరత్నం విస్తరి చాపింది.

“రెండు చేతులు సూపియ్యి,” అంది కౌసల్య.

“ఏమిటండీ?”

“సూపియ్యమంటున్న గద!”

నాగరత్నం విస్తరి పక్కన పెట్టి రెండు చేతులూ తిప్పి చూపించింది. గోళ్లకు రంగు, వేళ్లు తెల్లగా మల్లెమొగ్గల్లా ఉన్నాయి. ఎక్కడా ఎర్ర మరక లేదు. ఆమె ముఖంలో కోపం లేదు. ఎందుకో, ఎదురుచూస్తున్న బస్సు వచ్చినట్టు చూసింది.

వెనక వీర్రాజు రెండు చేతులతో విస్తరి చాపాడు. “నాకు జెర ఎక్కువ పెట్టు కౌసల్యా.”

కౌసల్య గరిటె గాలిలోనే నిలిచింది. ఆ పొద్దు ఫ్యాక్టరీలో అందరి వేళ్లకూ కుంకుమ ఉంది. కుడి చేతికి. వీర్రాజుకు ఎడమ చేతి చిటికెన వేలి కొసన ఉంది.

“వేలుకు ఏమైంది?”

“ఏముంది, బొట్టు పెట్టుకున్న.”

“ఎడమ చిటికెన ఏలుతోనా?”

అతని నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. కళ్లలోంచి మాత్రం వెళ్లిపోయింది. ఆ కళ్లను ఆమె ఎనిమిది నెలల్లో ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే డాక్టర్ మొగులయ్య చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. “నా ఫైల్ లేదు! నా కంప్యూటర్ల ఫార్ములా మొత్తం తుడిసేసిండ్రు! కాపీలు గూడ లేవు!”

విస్తరి నేల మీద పడింది. వీర్రాజు పరుగందుకున్నాడు.

*

కంప్యూటర్ గది అద్దాల తలుపుకు లోపలి నుంచి తాళం పడింది. నాగరత్నం జుట్టులోంచి పిన్ను లాగి తాళంలో పెట్టింది. “ఒక్క నిమిషం చాలు,” అంది. కౌసల్య అద్దంలోంచి చూస్తోంది. అతను మిషన్ ఆన్ చేశాడు. ఫ్లాపీ తోశాడు. మళ్లీ అదే నల్లటి తెర. అవే మూడు వరుసల అంకెలు. అతను ఏదో కొట్టాడు. ఒక వరుస పోయింది. ఇంకో వరుస పోయింది. మూడోదీ పోయింది.

“పార్టిషన్లు తీసేస్తున్నాడు,” అంది నాగరత్నం. “ఇక ఫార్మాట్ కొడతాడు. అది కొడితే దేవుడు కూడా తేలేడు.”

తెర మీద చివరి ప్రశ్న వెలిగింది. మొత్తం డిస్క్ మీద కొత్తగా రాయమంటావా? అవునా, కాదా?

వీర్రాజు వేలు ‘అవును’ మీట నొక్కింది. ఎంటర్ మీదికి పోతోంది.

తాళం టక్కుమంది. గడప దగ్గర పూజ కొబ్బరికాయ ఉంది. కౌసల్య దాన్ని అందుకొని, ఎనిమిది నెలల ప్రేమా మూడు వారాల అసూయా కలిపి విసిరింది. కాయ అతని మణికట్టు మీద పగిలింది. నీళ్లు కీబోర్డు మీద పడలేదు. అది అమ్మవారి దయ. నాగరత్నం ఒక్క అంగలో అతని మెడ వంచి, శాలువాతో చేతులు వెనక్కి కట్టేసింది.

“కట్టుకోండ్రి,” అన్నాడు వీర్రాజు ఆయాసపడుతూ. “ఆ డిస్క్ల ఇగ ఏం లేదు. ఖాళీ. నాగయ్య గూడ గిట్లనే నలభై జీబీ డిస్క్ల ఇరవయ్యే ఎందుకున్నయని అడిగిండు. ఏం మిగిలింది?”

కౌసల్య అతని వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

నాగరత్నం కీబోర్డు ముందు కూర్చుంది. “ఇవాళ వీడు ఎక్కించుకున్న ఫార్ములా ఇంకా లోపలే ఉంది. గోడలు మాత్రమే తీసేశాడు. అవే చోట్ల మళ్లీ కడితే అన్నీ కనబడతాయి. ఒక్క అంకె తప్పినా కుదరదు. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అన్నది వాడికి తప్ప…”

“హద్దు రాళ్లు పీకిండు. గంతే గదా?”

“అంతే.”

“రాయి పోతే పొలం పోతదా?” కౌసల్య కొంగు ముడి విప్పి డైరీ తీసింది. చింతపండు, ఎండుమిర్చి, కొబ్బరికాయలు. “రాసుకో. ఒకటి నుంచి రెండువేల నాలుగు వందల ముప్పై రెండు.”

వీర్రాజు తల అదాటున లేచింది.

నాగరత్నం వేళ్లు పరుగెత్తాయి. మూడు వరుసలూ ఎక్కించి, ఫ్లాపీ తీసి, మిషన్ మళ్లీ ఆన్ చేసింది. ఆన్ అవుతుండగా ఎడమ చిటికెన వేలితో ఆ కుంకుమ జారిన మీటను నొక్కి పట్టింది. “ఇది నొక్కకపోతే ఎప్పుడూ విండోసే వస్తుంది. సెక్యూరిటీ వాళ్లు చూసింది అదే. నొక్కితే, ఇదిగో, పేరు అడుగుతుంది. రెండో సిస్టమ్ పేరు.”

“ఏం పేరు పెట్టినవ్ రా?” అని కౌసల్య మొదటిసారి అతన్ని ‘రా’ అంది.

అతని చూపు ఒకసారి నాగరత్నం మీదికి పోయి వచ్చింది. నాగరత్నం ఒక్క క్షణం ఆలోచించి, తన పేరే కొట్టింది. రత్నం. తెర నిండా అక్షరాలు జలజలా కురిశాయి. సిస్టమ్ లేచింది.

“పట్టుబడితే నా మీదికి తోసేద్దామని,” అంది నాగరత్నం.

డాక్టర్ మొగులయ్య తెర మీద తన ఫైల్ పేరు చదివి, కుర్చీ అంచు పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాలుగింటికి వ్యాను వచ్చింది. డిస్క్ బదులు అందులోని ఇద్దరికీ సంకెళ్లు అందాయి.

*

రెండు రోజుల తర్వాత చెరుకు రసం బండి దగ్గర నాగరత్నం కూడా ఉంది. మామూలు నూలు చీర కట్టుకుంది. సెంటు వాసన లేదు.

“ఆ సెంటు నేనే చల్లానండీ,” అంది. “అతను కుర్చీలో వెనక్కి వాలినప్పుడల్లా వీపు మీద రెండు చుక్కలు.”

కౌసల్య గ్లాసు కింద పెట్టింది. “ఎందుకు?”

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. “వాని మీద అనుమానం నాకు నాగయ్య సచ్చిననాడే వచ్చింది. సాక్ష్యం లేదు. ఇరవై నాలుగు గంటలు వాని కదలిక ప్రతి ఒక్కటి చూసే మనిషి కావాలె. మొగుని అంగీ వాసన చూసే పెండ్లాం కన్న మంచి కెమెరా ఏ దేశం తయారు చెయ్యలేదు బిడ్డా.”

“నా కడుపుమంటను పనికి పెట్టుకున్నరు.”

“పెట్టుకున్నం. నీకు చెప్పి పెట్టుకుంటే అది మండదు గద.”

కౌసల్య గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఒకే పెట్టెలో రెండు కాపురాలు నడిపినవాడితో ఎనిమిది నెలలు ఉంది. అతను ఏ వైపు మేలుకొని ఉన్నప్పుడు తనతో నవ్వాడో ఇక ఎప్పటికీ తెలియదు. మెడలోంచి పుస్తెలు తీసి బండి మీద పెట్టింది.

“అయి వాపస్ తీస్కోండ్రి. వంకాయకూర తిని ఆరు నెలలైంది. ఇయ్యాల వండుకుంట.”

చీఫ్ పుస్తెలు బనియను జేబులో వేసుకొని, కొత్త చెరుకు గడ ఒకటి తీశాడు.

“తర్వాతి పని పాశమైలారంల. ఈసారి గూడ ఫ్యామిలీ కవర్ కావాలె. ఎవర్నియ్యమంటవ్? మొగుడా, తమ్ముడా?”

కౌసల్య రసం ఆఖరి గుక్క తాగి గ్లాసు బోర్లించింది.

“అత్తనియ్యిండ్రి సార్. మొగుని మీద అనుమానం రానీకి ఎనిమిది నెలలు పట్టింది. అత్త మీదయితే మొదటి రోజే వస్తది.”